మంట కట్టే శ్రుతి

ఆషాఢంలో లష్కర్ బోనాలప్పుడు సికింద్రాబాద్ సందుల్లో డప్పు మోగే ముందు మంట లేస్తుంది. ఎండుగడ్డో, పాత కాగితాలో, అట్టముక్కలో పోగేసి అంటిస్తారు. డప్పును సెగకు పట్టి, ఒకేచోట మాడకుండా తిప్పుతూ, నడుమ నడుమ వేలితో కొట్టి వింటారు. మొదట్లో ‘దబ్’మన్న తోలు కాసేపటికి ఖంగుమంటుంది. డప్పు కొట్టే కర్ర చిర్ర చేతిలోకి వచ్చేది అప్పుడే.

చూసేవాళ్లకు అదొక ఆచారంలా కనిపిస్తుంది గానీ, అది అచ్చంగా శ్రుతి చేయడమే. మృదంగానికి బిగించే వార్లున్నాయి, తబలాకు గట్టాలున్నాయి. తోలు డప్పుకు అలాంటివేమీ ఉండవు. చెక్క చట్రానికి తడితోలు లాగి బిగిస్తారు. ఆ తర్వాత దాని బిగువు వాతావరణాన్ని బట్టే. బోనాలొచ్చేది వానాకాలంలో. గాలిలో తేమ పీల్చిన తోలు వదులై గొంతు దించేస్తుంది. సెగ తగిలితే తేమ పోయి తోలు ముడుచుకుంటుంది, బిగువు పెరుగుతుంది, స్వరం హెచ్చుతుంది. తక్కువ కాగితే మోత రాదు, ఎక్కువ కాగితే తోలు పాడవుతుంది. ఆ హద్దు చెప్పేది చెవే. జాతర నడుమ చినుకు పడితే మళ్లీ మంట వేయాల్సిందే.

నిప్పే నేరుగా పాడిన సందర్భాలూ ఉన్నాయి. 1900 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో విలియం డడెల్ ఆర్క్ దీపంతో స్వరాలు పలికించాడు. 1967లో అమెరికా పరిశోధకులు గ్యాస్ మంటలో ఎలక్ట్రోడ్లు పెట్టి సంగీతం వినిపించారు. విద్యుత్ సిగ్నల్ హెచ్చుతగ్గులకు మంటలో వేడి మారుతుంది, వాయువు వ్యాకోచించి సంకోచిస్తుంది. అదే ధ్వని అవుతుంది. మామూలు స్పీకర్లోలా కదలాల్సిన కాగితపు కోన్ లేదు కనుక సన్నని స్వరాలు శుభ్రంగా వస్తాయి. కానీ చిన్న మంటకు లోతైన మోత పలకదు. ఇదే పద్ధతిలో గాలిలో పనిచేసే ప్లాస్మా స్పీకర్లకు ఓజోన్ బెడద ఒకటి. అవి ఎక్కువగా అభిరుచిపరుల ఇళ్లకే పరిమితమయ్యాయి. వీధంతా వినబడే మోత కావాలంటే గాలిని బలంగా నెట్టే వెడల్పాటి తోలు ఉండాలి. డప్పులో ఆ పని తోలుది, దాన్ని సిద్ధం చేసే పని మంటది.

ఇప్పుడు ప్లాస్టిక్ డప్పులొచ్చాయి. బోల్టులతో బిగిస్తే చాలు, వానకు జంకవు, మంట అక్కర్లేదు. ఊరేగింపుల్లో తిరిగేవాళ్లకు ఆ సుఖం కాదనలేనిది. కానీ చిర్ర దెబ్బకు తోలు ఇచ్చే గుండ్రటి మోత, రెండో చేతిలోని సిటికెన పుల్లకు పలికే సన్నటి చిటుకు ఆ ప్లాస్టిక్ షీటులో పలచబడతాయి.

బోనాల ఊరేగింపు ముందు ఆడే పోతురాజు అడుగు పడేది డప్పు దెబ్బకే. తరతరాలుగా ఈ విద్యను మోసిన మాదిగలకు మాత్రం దానితో పాటు అంటరానితనమే దక్కింది. 1994లో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం అదే డప్పును ఆత్మగౌరవ జెండాగా ఎత్తింది. ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారులకు పింఛనూ వచ్చింది. మనవంతుగా చేయగలిగింది ఒకటుంది. ఈసారి బోనాలకు డప్పు మాట్లాడుకుంటే తోలు డప్పే అడగండి. దాన్ని కాచుకోవడానికి చోటు, సమయం ఇవ్వండి. ఆ సమయాన్ని కూడా పనిగానే లెక్కగట్టి డబ్బులివ్వండి.