వెర్రిపాటల విలువ

పాటకు ప్రయోజనం ఉండాలని వాదించేవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఇప్పటికీ నా వాదం అదే. అయితే ప్రయోజనమంటే ఏమిటన్న విషయంలో నా అభిప్రాయం కొంత మారింది. మారటానికి కారణం ఏ గ్రంథమూ కాదు, అమెరికాలో నేను విన్న ఒక రాక్ కచేరీ. పాఠకులు నవ్వుకోవచ్చు. ఆ కచేరీలో నేనూ నవ్వాను. ఈ వ్యాసం ఆ నవ్వును గురించే.

ముందు నా నేరం ఒకటి చెప్పుకోవలసి ఉన్నది. చాలా ఏళ్ల క్రితం, నేను కాలేజీలో పాఠాలు చెప్పే రోజుల్లో, మా విద్యార్థుల పాటల గోష్ఠికి ఒక కుర్రవాడు సొంత పాట తెచ్చాడు. చౌకడిపో గోదాములో రెండు పందికొక్కులు ఒక బియ్యం బస్తాను పంచుకోవటం కుదరక కోర్టుకెక్కుతాయి. అంతే కథ. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. నేను మాత్రం, "బాగానే ఉందయ్యా, ఇందులో సందేశమేదీ?" అన్నాను. అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ ఎన్నడూ పాట తేలేదు. ఆనాడు నేను అభ్యుదయ సాహిత్యాన్ని కాపాడుతున్నాననే అనుకున్నాను.

2023లో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు నన్ను ఈ కచేరీకి తీసుకువెళ్లింది. "నాన్నా, నవ్వొస్తే నవ్వెయ్యి. సిద్ధాంతం ఇంటికొచ్చాక చెబుదువుగాని" అని ముందే షరతు పెట్టింది. తూర్పు తీరంలో ఒక పట్నం. పాతకాలపు నాటకశాల. లోపల కుర్చీలు లేవు, నిలబడి వినటమే. జనంలో నెరిసిన తలలు చాలా ఉన్నాయి, తండ్రుల భుజాలమీద పిల్లలూ ఉన్నారు.

బృందం పేరు "దే మైట్ బి జెయింట్స్". "వాళ్లు రాక్షసులేమో" అని అర్థం. 1971లో వచ్చిన ఒక సినిమా పేరు అది. గాలిమరలను రాక్షసులనుకుని వాటిమీదికి ఈటె ఎత్తుకుపోయిన డాన్ క్విక్సోట్ కథ దానికి మూలం. జాన్ ఫ్లాన్స్‌బర్గ్, జాన్ లినెల్ అనే ఇద్దరు మిత్రులు 1982లో న్యూయార్కులో దీన్ని మొదలుపెట్టారు. ఒకరిది గిటారు, రెండోవారిది అకార్డియన్. ఈ అకార్డియన్ మన నాటకాల హార్మోనియానికి దాయాది, కాకపోతే భుజాలకు తగిలించుకుని వాయిస్తారు. డప్పుల పని మొదట్లో యంత్రమే చేసేది. 1980ల తొలి సంవత్సరాల్లో వాళ్లు తమ పాటలను టెలిఫోనుకు తగిలించిన రికార్డింగు యంత్రంలో పెట్టారు. ఎవరైనా ఆ నంబరుకు ఫోను చేసి పాట వినవచ్చు. దానికి వాళ్లు ఇచ్చుకున్న ప్రకటన ఏమిటంటే, మీరు పనిచేసే చోటినుంచి ఫోను చేస్తే ఉచితం అని. అంటే యజమాని ఖర్చుతో, యజమాని కొనుక్కున్న కాలంలో, పాట వినమని ఉద్యోగికి సలహా! పని గంటలను గురించి మనం రాసిన వ్యాసాల్లో ఇంత క్లుప్తమైన వాక్యం నేను చూడలేదు.

కచేరీ మొదలయిన తరవాత చాలాసేపు నాకు చికాకు కలిగింది. ఒక పాట పోల్కా నడకలో సాగింది. తరవాతది జాజ్, ఆ పైన సైనికుల కవాతు బాణీ, ఆ పైన పసిపిల్లల గేయం. మధ్యలో బాకాలూ ట్రాంబోనూ ఊదేవాళ్లు వచ్చిచేరారు. ఇది వట్టి కలగూరగంప అనుకున్నాను. అన్ని శైలులూ అరువు తెచ్చుకునేవాడికి సొంత నమ్మకమంటూ ఏముంటుంది? పెద్ద దుకాణంలో సరుకులు పేర్చినట్టు బాణీలు పేర్చటం వ్యాపారసంస్కృతి లక్షణం కాదా?

ఈ ప్రశ్న తప్పని అనను. కాని జవాబు నాకు మన ఊళ్లలోనే దొరికింది. పగటివేషగాడు ఒకరోజు షావుకారు వేషం కడతాడు, ఒకరోజు సోమయాజి వేషం కడతాడు. అతనికి సొంత రూపం లేదని మనం ఆక్షేపించం. వేషం కట్టి చూపించటంలోనే ఆ పెద్దమనుషుల దర్పం కూడా ఒక వేషమేనన్న సంగతి బయటపెడతాడు. ఈ బృందం చేసే పని అటువంటిదే. ప్రేమగీతం బాణీ కడతారు, అందులో ప్రేమ బదులు చరిత్ర పాఠం ఉంటుంది. అప్పుడు శ్రోతకు ఆ బాణీ ఎప్పుడూ తనచేత ఏం చేయిస్తూ వచ్చిందో తెలిసివస్తుంది.

విరామానికి ముందు ఒక వింత చేశారు. 1990లో వచ్చిన "ఫ్లడ్" అనే తమ ఆల్బములోని ఒక పాటను వెనకనుంచి ముందుకు, అక్షరాలతో సహా తలకిందులుగా పాడారు. ఏ భాషో తెలియని గొణుగుడు. దాన్ని అక్కడే చిత్రించారు. విరామం తరవాత ఆ చిత్రాన్ని తెరమీద వెనక్కు తిప్పి వేశారు. పాట తిన్నగా వినిపించింది! అప్పటిదాకా అర్థంలేనిదని నేను కొట్టిపారేసినదాని వెనక అంత సాధన ఉన్నది. నా పక్కనున్న పిల్లవాడు కేరింతలు కొట్టాడు. నేనూ కొట్టాను.

నన్ను నిజంగా ఆలోచింపజేసినది సూర్యుణ్ణి గురించిన పాట. 1959లో పిల్లలకు విజ్ఞానం నేర్పటానికి హై జారెట్, లూ సింగర్ కలిసి కొన్ని పాటలు కట్టారు. అందులో ఒకటి సూర్యుణ్ణి మండే వాయుగోళంగా వర్ణించింది. ఈ బృందం 1993లో ఆ పాటను రికార్డు చేసి ప్రచారంలోకి తెచ్చింది. అయితే సూర్యుడు వట్టి వాయువు కాదు. పరమాణువులనుంచి ఎలక్ట్రాన్లు విడిపోయేంత వేడిలో ఉన్న పదార్థం అది, ప్లాస్మా. 2009లో పిల్లలకోసం చేసిన విజ్ఞానగీతాల ఆల్బములో వాళ్లు పాత పాటను పెట్టి, దాని వెంటనే దాన్ని సవరించే కొత్త పాటను పెట్టారు. పాతదాన్ని దాచలేదు, సమర్థించుకోనూ లేదు. తమను తామే ఎగతాళి చేసుకుంటూ దిద్దుకున్నారు. విమర్శ, ఆత్మవిమర్శ అని మనం ఎన్నో సభల్లో తీర్మానాలు చేశాం. ఆ పని ఇంత సరదాగా చెయ్యవచ్చునని నాకు తోచలేదు.

తరవాత జాత్యహంకారిని గురించిన పాట వచ్చింది. అదీ 1990 నాటిదే. విందులో ఒకడు విద్వేషం కక్కుతుంటే, స్నేహితుడి స్నేహితుడు గదా అని సరిపెట్టుకోనంటాడు గాయకుడు. అందులో హాస్యం దాదాపు లేదు. హాలు హాలంతా గొంతు కలిపింది. అంతవరకు నవ్వినవాళ్లు గనకనే ఆ మాటను అంత దగ్గరగా తీసుకున్నారు. ఇది మనకు కొత్త కాదు. బుర్రకథలో కథకుడికి ఒకవైపు హాస్యపు వంత, మరోవైపు రాజకీయపు వంత ఉంటారు. నాజరు కథ విన్న జనం ఒకరిని వదిలి రెండోవారిని వినలేదు. నవ్వించేవాడు లేకపోతే రాజకీయం ఉపన్యాసంగా మిగులుతుంది.

ఇంత చెప్పి, వీళ్లను విప్లవగాయకులను చేసే ఉద్దేశం నాకు లేదు. "స్వతంత్ర" బృందమన్న మాటను కూడా జాగ్రత్తగా వాడాలి. మొదటి ఆల్బములు చిన్న కంపెనీవి, "ఫ్లడ్" మాత్రం ఎలెక్ట్రా అనే పెద్ద కంపెనీది. సూర్యుణ్ణి గురించి దిద్దుకున్న ఆ విజ్ఞానగీతాలను పిల్లలకు అమ్మినది డిస్నీ. తినుబండారాల వ్యాపారులకు ప్రకటనల పాటలూ కట్టిపెట్టారు. ఇస్తాంబుల్ పేరు మారటాన్ని గురించిన 1953 నాటి పాటను వీళ్లు పాడుతుంటే అందరం గంతులు వేశాం. ఆ నగరం 1453లో చూసిన రక్తపాతం ఆ గంతుల్లో ఎవరికీ గుర్తు రాదు. హాల్లో నల్లవాళ్లు అరుదుగా కనిపించారు. నవ్వు మనసును శుభ్రం చెయ్యగలదు గాని, జనాన్ని ఒకచోట చేర్చి నిలబెట్టే పని దానివల్ల కాదు. అది మరొకరు చెయ్యవలసిందే.

కాని ఈ లోపాలు చూపించి వెర్రిపాటనే తోసిపుచ్చటం నేను ఒకసారి చేసిన తప్పు. "మహాప్రస్థానం" రాసిన శ్రీశ్రీయే ప్రాసక్రీడలూ లిమరిక్కులూ రాశాడు. వాటిని మనం ఆయన కాలక్షేపం కింద జమకట్టి పక్కన పెట్టాం. ఆయన మనకంటె బాగా తెలిసే రాశాడని ఇప్పుడు అనిపిస్తున్నది.

ఇంటికొచ్చాక అమ్మాయి, "ఇప్పుడు చెప్పు నాన్నా, సిద్ధాంతం" అన్నది. నాకు ఆ పందికొక్కులు గుర్తుకొచ్చాయి. రెండూ కోర్టులో వాదించుకుంటాయి గాని, బస్తా అసలు ఎవరిదని పాటలో ఒక్కరూ అడగరు. ఆ బియ్యం చౌకడిపో ముందు వరసలో నిలబడ్డ కార్డుదారులది. ఆ ప్రశ్నను నవ్వుతున్న శ్రోతకే వదిలిపెట్టాడు ఆ కుర్రవాడు. నవ్వనివాణ్ణి నేనొక్కణ్ణే, అందుకనే సందేశమేదీ అని అడిగాను. అతనిప్పుడు ఎక్కడున్నాడో నాకు తెలియదు. ఇది చదివితే ఆ పాట మళ్లీ బయటికి తియ్యమని నా మనవి.