డాన్ హువాన్ యాకీ భాష ఎందుకు మాట్లాడడు?

కార్లోస్ కాస్టనెడా ‘ది టీచింగ్స్ ఆఫ్ డాన్ హువాన్’ని నవల అనుకుని చదివితే నాకు ఇప్పటికీ ఇష్టమే. ఎడారిలో ఓ ముసలి మాంత్రికుడు, పక్కన నోట్‌బుక్ పట్టుకుని ఏదీ ఓ పట్టాన అర్థంకాని కుర్రాడు. వీళ్లిద్దరి మధ్యా హాస్యం బాగా పండుతుంది. కానీ 1968లో కాలిఫోర్నియా యూనివర్సిటీ ప్రెస్ దాన్ని నవలగా వెయ్యలేదు. ‘ఎ యాకీ వే ఆఫ్ నాలెడ్జ్’ అని ఉపశీర్షిక తగిలించి, మానవశాస్త్రంగా వేసింది. నా పేచీ ఆ ఉపశీర్షికతోనే.

పుస్తకం చివర ‘స్ట్రక్చరల్ అనాలిసిస్’ అని ఓ భాగం ఉంది. విభాగాలు, ఉపవిభాగాలు, పొడిపొడి వాక్యాలు. చాలామంది ఆ పేజీలు తిప్పేసే ఉంటారు. నాకైతే మొత్తం పుస్తకంలో తెలివైన కల్పన అదే అనిపిస్తుంది. ఇంత విసుగు పుట్టించేవాడు అబద్ధాలు రాస్తాడా అనుకుంటాం! కుర్రాడు కాకిగా మారడాన్ని కూడా ఆ విసుగే నమ్మిస్తుంది.

యాకీల గురించి ఏళ్ల తరబడి పరిశోధించిన ఎడ్వర్డ్ స్పైసర్, ఇందులోని విషయానికీ యాకీ సంప్రదాయానికీ ముడిపెట్టడం అనవసరమని 1969లోనే రాశాడు. ఈ యాకీ గురువు నోట యాకీ మాటలే వినపడవు. పెయోటీ పూజ వీచోల్ తెగది, యాకీలది కాదు. అయినా 1973లో కాస్టనెడాకి డాక్టరేట్ వచ్చింది. 1976లో రిచర్డ్ డి మిల్ పుస్తకాల్లోని తేదీలన్నీ పక్కపక్కన పెట్టి, అవి పొసగవని చూపించాడు. అభిమానులు చలించలేదు.

“కల్పనైతే ఏంటి, అందులో సత్యం ఉందిగా” అంటారు. ఉండొచ్చు. మరి దానికి యాకీల పేరెందుకు? మెక్సికో ప్రభుత్వం వేలమంది యాకీల్ని సొనోరా నుంచి పట్టుకెళ్లి యుకటాన్ తోటల్లో చాకిరీకి తోసింది. ఈ పుస్తకంలో ఆ ప్రవాసం పరిచయంలో ఒక్క వాక్యంలో తేలిపోతుంది. పాఠకులకి జ్ఞాని కావాలి, అతని జాతి చరిత్ర అక్కర్లేదు.

డాన్ హువాన్ దగ్గర నేర్చుకున్నవని చెప్పిన కదలికల్ని 1990లలో ‘టెన్సెగ్రిటీ’ పేరుతో, ఫీజు తీసుకుని వర్క్‌షాపుల్లో నేర్పారు. 1998లో కాస్టనెడా పోయాడు. వెంటనే ఆయన్ని అంటిపెట్టుకున్న కొందరు ఆడవాళ్లు కనిపించకుండా పోయారు. ఒకరి ఎముకలు 2003లో డెత్ వ్యాలీ ఎడారిలో దొరికాయి. అవి ఎవరివో తేలేసరికి 2006 వచ్చింది.

ఆయన పోయిన ఏడాదే మొదటి పుస్తకానికి ముప్పయ్యేళ్ల ఎడిషన్ వచ్చింది. అదే యూనివర్సిటీ ప్రెస్, అదే ఉపశీర్షిక.