పాత వీణ కొనేముందు

విజయనగరంలో మహారాజా వారి సంగీత కళాశాల 1919లో మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షులు. అదే సీమలో, బొబ్బిలి పక్కనున్న గొల్లపల్లిలో, సర్వసిద్ధి ఇంటిపేరు గల కుటుంబాలు తరాలుగా వీణలు చెక్కుతున్నాయి. నేర్చుకునేవాళ్లూ చేసేవాళ్లూ ఇంత దగ్గర్లో ఉన్నచోట పాత వీణలు చేతులు మారుతుండటం సహజం. అమ్మాయి పెళ్లై వెళ్లిపోయాక అటకెక్కిన వీణ, పెద్దాయన పోయాక గుడ్డ చుట్టి మూల నిలబెట్టిన వీణ ఎప్పుడో ఒకప్పుడు బేరానికి వస్తాయి. కొత్తదాని ధర అందని విద్యార్థికి అది మంచి అవకాశమే. కానీ చూడాల్సినవి చూడకుండా కొంటే మరమ్మతుకు అయ్యే ఖర్చు వీణ ధరను దాటిపోతుంది.

కొనేవాళ్ల కళ్లు ముందుగా పాలిష్ మీద, నగిషీ మీద, తళతళలాడే తీగల మీద పడతాయి. ఈ మూడూ కొద్ది రోజుల్లో మార్చగలిగేవే. మార్చలేనిది కొయ్య. వీణను ఎలా కట్టారో తెలిస్తే ఎక్కడ చూడాలో దానంతటదే తెలుస్తుంది.

బొబ్బిలి వీణకు పనస కొయ్య వాడతారు. బాగా ముదిరిన మాను, చేవ ఉన్న భాగం కావాలి. గుండ్రటి కుండ, మెట్లుండే పొడవాటి దండి, యాళి తల చెక్కిన కొస వైపు మెడ అన్నీ ఒకే దుంగలోంచి తీస్తే దాన్ని ఏకాండి వీణ అంటారు. బొబ్బిలికి పేరు తెచ్చింది అదే. లోపలి కొయ్యను ఉలితో తొలిచి, కుండ గోడలు పల్చనయ్యేదాకా చెక్కి, పైన పలక బిగిస్తారు. కుండకూ దండికీ మధ్య అతుకు లేకపోవడంతో మీటు ప్రకంపన ఆగకుండా ఇటునుంచి అటు పాకుతుంది.

అమ్మేవాళ్లు ఏ వీణనైనా ఏకాండి అనే చెబుతారు. నిజమో కాదో కొయ్యనే అడగాలి. వీణను తిరగేసి, వెనకవైపు కొయ్య గీతలను కుండ మీదినుంచి దండి మీదికి వేలితో వెంబడించండి. గీతలు తెగకుండా సాగితే ఏకాండి. కుండా దండీ కలిసేచోట గీతలు ఒక్కసారిగా దిక్కు మార్చుకున్నా, సరిగ్గా అక్కడే నగిషీ పట్టీ అడ్డం వచ్చినా అతుకు ఉందని అర్థం. అతుకు వీణ చెడ్డదేం కాదు, చక్కగా పలికేవి చాలా ఉన్నాయి. ఏకాండి ధర పెట్టి దాన్ని కొనకూడదు, అంతే.

తర్వాత పగుళ్లు. కుండ మీద సన్నటి చీలిక వస్తే రంపపు పొట్టును జిగురులో కలిపి పూడ్చి, పైన పాలిష్ కొట్టేస్తారు. బయట ఏమీ కనపడదు. పలక మీది రంధ్రాల్లోంచి చిన్న టార్చి వేసి లోపల చూస్తే పూడ్చిన గీత దొరుకుతుంది. ఆపైన వేలి కణుపుతో కుండ చుట్టూ తట్టండి. గట్టి కొయ్య అన్నిచోట్లా దాదాపు ఒకే గొంతుతో పలుకుతుంది. చీలిక ఉన్నచోట శబ్దం చచ్చుగానో జిరజిరమనో వస్తుంది. సూది మొనంత రంధ్రాలు, వాటి కింద పిండిలాంటి పొడి కనిపిస్తే పురుగు ఇంకా లోపలే ఉందన్నమాట. ఆ వీణను ఇంట్లోకి తేకపోవడమే మేలు.

అసలు పరీక్ష దండిది. ఏడు తీగల లాగుడు దాని మీద రాత్రింబవళ్లు ఉంటుంది. ఏళ్ల తరబడి ఆ బరువు మోస్తూ దండి విల్లులా కాస్త వంగవచ్చు. తీగలు సడలించి పెట్టిన వీణలో ఈ వంపు కొంత దాగుతుంది. అందుకే ముందు తీగలన్నీ శ్రుతికి బిగించమనండి. యాళి వైపునుంచి ఒక కన్ను మూసి, దండి అంచు వెంబడి చూపు సారించండి. మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు దాకా దారం బిగించి పట్టుకుంటే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. మైనం కూడా సాక్ష్యం చెబుతుంది. మెట్ల కింది మైనపు గట్టు రెండు కొసల్లో పల్చగా, మధ్యలో మందంగా ఉంటే, వంగిన దండిని ఎవరో మైనంతో సరిదిద్దారని తెలుసుకోవచ్చు. పిసరంత వంపు పరవాలేదు. గట్టు ఎత్తులో తేడా కొట్టొచ్చినట్టు కనబడితే మాత్రం ఆ బేరం వదులుకోండి.

ఈ మైనపు గట్ల దగ్గరే వీణ చేసినవాడి తెలివి బయటపడుతుంది. ఇరవైనాలుగు మెట్లనూ కొయ్యలో బిగించేయకుండా, తేనెమైనంలో నల్లని పొడి కలిపి పోసిన రెండు గట్ల మీద నిలబెట్టారు. స్థాయికి పన్నెండు చొప్పున రెండు స్థాయిలు. లెక్క ప్రకారం పన్నెండో మెట్టు, దండి కొసన తీగ ఆనే మేరువుకూ కుండ మీద అది ఆనే గుర్రానికీ సరిగ్గా సగం దూరంలో, ఇరవైనాలుగోది గుర్రం నుంచి పావు దూరంలో రావాలి. కానీ మెట్టు మీద నొక్కినప్పుడు తీగ కొద్దిగా సాగి శ్రుతి పెరుగుతుంది. అందుకని మెట్టును ఆ బిందువు నుంచి ఆవగింజంత మేరువు వైపు జరపాలి. ఎంత జరపాలో తీగ లావును బట్టి, మెట్టు ఎత్తును బట్టి మారుతుంది. కొలబద్ద అక్కడ ఆగిపోతుంది, మిగతాది చెవి పని. మెట్లు అమర్చి మేళం కట్టేవాడు మైనాన్ని వెచ్చచేసి, మెట్టును ఆనించి, మీటి విని, వెంట్రుకవాసి జరిపి, మళ్లీ మీటుతాడు. ఒక్కో మెట్టుకూ ఇంతే. కొయ్యలో బిగిస్తే ఈ సవరణకు వీలే ఉండదు.

మైనానికి ఓ బలహీనత ఉంది. మన వేసవిలో తలుపులు మూసిన కారులోనో రేకుల షెడ్డు కిందో ఉంచితే మెత్తబడి మెట్లు పక్కకు వాలతాయి. సారణిని, అంటే ప్రధాన వాయింపు తీగను, వట్టిగా మీటి, తర్వాత పన్నెండో మెట్టు మీద నొక్కి మీటండి. షడ్జానికి పై షడ్జం పలకాలి. ఇరవైనాలుగో మెట్టు మీద దానికీ పై షడ్జం రావాలి. రాకపోతే మేళం మళ్లీ కట్టించాలి. అది మామూలు మరమ్మతే, ఆ ఖర్చు బేరంలో తగ్గించుకుంటే చాలు.

మెట్ల అరుగుదల కూడా చూడాలి. గమకం కోసం వైణికుడు తీగను మెట్టు మీద పక్కకు లాగుతాడు. ఆ రాపిడికి సారణి కింద లోహంలో సన్నటి గాళ్లు పడతాయి. గోటితో మెట్టు పైభాగాన్ని రాస్తే తగులుతాయి. గాడి పడ్డ మెట్టు మీద లాగిన తీగ మధ్యలో తట్టుకుని స్వరం తెగుతుంది. లోతు తక్కువైతే ఆకురాయితో సరిపెడతారు, ఎక్కువైతే మెట్లు మార్చాలి.

గుర్రం చూడ్డానికి చిన్న పీటలాంటిదే. దాని పైన లోహపు రేకు ఉంటుంది. రేకు చదునుగా ఉండదు, కంటికి తెలీనంత వంపు తిరిగి ఉంటుంది. తీగ ఒక అంచు మీద ఆనకుండా ఆ వంపు మీద ఒరుసుకుంటూ కంపించడం వల్లే వీణకు ఆ జీవం. తీగను మీటిన చోట ఏ ఉపస్వరానికి కదలిక లేని బిందువు పడుతుందో ఆ ఉపస్వరం వినపడకూడదని పాత సూత్రం. వీణ, తంబురాల్లో అది కూడా మోగుతుందని, కారణం ఈ గుర్రమేనని సి.వి. రామన్ 1921లో ప్రచురించిన పరిశోధనలో చూపించారు. పాత వీణ గొంతు బొంగురుపోతే ముందుగా అనుమానించాల్సింది ఈ రేకునే. తీగ దారిలో గాడి పడి ఉంటుంది. రేకును మళ్లీ వంపు తీర్చి నునుపు చేయిస్తే పోయిన గొంతు తిరిగొస్తుంది.

మిగిలినవి త్వరగా చూసేయవచ్చు. తీగలు బిగించే బిరడాలు జారుతుంటే వాటి రంధ్రాలు అరిగాయని అర్థం, లావు బిరడాలు వేయించుకోవచ్చు. కుండ చివర తీగలను పట్టి ఉంచే నాగపాశం కొయ్యలోంచి ఊడి రాకూడదు. సన్నగా శ్రుతి సవరించే లంగర్లు తుప్పు పట్టకుండా కదలాలి. యాళి వైపు వేలాడే ఆనపకాయ బుర్ర పగిలినా దిగులక్కర్లేదు, మరొకటి బిగించుకోవచ్చు.

మరో రెండు విషయాల్లో జాగ్రత్త పడాలి. జ్ఞాపికలుగా ఇచ్చే చిన్న బొబ్బిలి వీణలు అందంగా ఉంటాయి గానీ అవి బొమ్మలు. వాటికి కాస్త పెద్ద రూపాన్ని పిల్లలు నేర్చుకునే వీణ అని అంటగట్టేవాళ్లుంటారు. ఇక బాగా పాత వీణల నగిషీలో ఏనుగు దంతం ఉండవచ్చు. దంతం క్రయవిక్రయాలను వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధించింది. ‘అసలు దంతపు పని’ అని ఎవరైనా గొప్పగా చెబితే ధర పెంచడం కాదు, బేరం అక్కడితో ఆపేయాలి.

ఇవన్నీ ఒకచోట పెట్టి చూస్తే వీణ నిర్మాణంలో ఒక క్రమం కనిపిస్తుంది. అరిగే, సడలే ప్రతి భాగమూ, అంటే తీగ, మెట్టు, మైనం, రేకు, బిరడా, విప్పి మార్చుకునేలా ఉంది. కొయ్య ఒక్కటే మార్చలేనిది. అరిగేది ఏది, నిలిచేది ఏది అని ముందే ఆలోచించి విడదీసిన పని ఇది. కొనేవారు కూడా అలాగే విడదీసి చూడాలి. కొయ్య బాగుండి మిగతావి పాడైన వీణ మంచి బేరం, మిగతావి మెరుస్తూ కొయ్య చెడ్డ వీణ చెడ్డ బేరం. డబ్బు చేతులు మారకముందే వాయించడం వచ్చినవారిని ఒకరిని, కుదిరితే గొల్లపల్లి పనివారిని ఒకరిని వెంట తీసుకెళ్లండి. వాళ్లకిచ్చే కూలి ఆ బేరంలో మీరు పెట్టే డబ్బులన్నిటిలోకీ సార్థకమైనది.