బొమ్మలో పక్కింటి గోడ ఏదీ?

ఈ వారం మా బామ్మర్ది ఒక అపార్ట్‌మెంట్ బ్రోషర్ పట్టుకొచ్చాడు. నున్నటి కాగితం మీద ఆకాశాన్నంటే భవనం, చుట్టూ పచ్చిక, కుక్కపిల్లను నడిపిస్తున్న జంట. ఆ స్థలం నాకు తెలుసు. ఎడమపక్క టైర్ల షాపు, కుడిపక్క కల్యాణ మండపం, ఎదురుగా మురుక్కాలవ, దాని గట్టున ట్రాన్స్‌ఫార్మరు. బొమ్మలో ఒక్కటీ లేదు.

"ఎలివేషన్ ఎలా ఉంది బావా?" అన్నాడు.

"కాలవేదిరా?" అన్నాను. మొహం మాడ్చుకున్నాడు.

పెన్సిల్ పట్టని ఆర్కిటెక్టును నమ్మొద్దన్నది ఈ కాలమ్ పాత పాట. కంప్యూటరొచ్చాక చెయ్యి పోయింది, చెయ్యి పోయాక కన్ను పోయింది అని నేను ఎన్నిసార్లు గొణిగానో మీకు తెలుసు. అలా గొణిగినప్పుడల్లా సాక్ష్యానికి పిలిచే మనిషి జొవాన్ని బత్తిస్తా పిరనేసి.

1720లో వెనిస్ దగ్గర పుట్టాడు. తండ్రి రాతిపని మేస్త్రీ, మేనమామ నీటిపనుల ఇంజినీరు. ఇరవయ్యేళ్లకు రోమ్ చేరాడు. అక్కడ కట్టడానికి పని దొరక్క ఊరిని గీయడం మొదలుపెట్టాడు. బతికినంతకాలం సంతకంలో మాత్రం 'వెనిస్ ఆర్కిటెక్టు' అనే రాసుకున్నాడు. కట్టినదల్లా అవెంటైన్ కొండ మీద ఒక్క చర్చి, దాని ముందు చిన్న ఆవరణ. ఆ చర్చి కూడా 1764 తర్వాత పాతదాన్ని తిరగగట్టిందే. 1778లో పోయాక చివరికి అందులోనే సమాధి చేశారు. రాగి రేకుల మీద గీసి అచ్చువేసిన రోమ్ దృశ్యాలు మాత్రం 135.

ఆ పని ఎంత ఓపికదో చూడండి. రాగి రేకు మీద మైనం పూత పూసి సూదితో గీస్తారు. ఆమ్లంలో ముంచితే గీత పడ్డచోట రాగి కరిగి గాడి పడుతుంది. లేతగా ఉండాల్సిన గీతలను వార్నిష్‌తో మూసేసి రేకును మళ్లీ ముంచుతారు. ఇంకా ముదరాల్సినవాటి కోసం మరోసారి. దూరపు ఆకాశం ఒక్క మునకతో సరి, దగ్గరి కమాను కింది చీకటికి మునక మీద మునక. పైగా అచ్చులో కుడి ఎడమవుతుంది కాబట్టి ఊరంతా తిరగేసి గీయాలి.

ఇంత పొగిడాక నా సాక్షి గుట్టు కూడా చెప్పాలి. ఆయన గీసిన శిథిలాల కింద మనుషులు చీమలంత ఉంటారు. మనుషులు చిన్నగా ఉంటే గోడలు వాటంతటవే కొండలవుతాయి. ఆ బొమ్మలు చూసి యూరప్ అంతా రోమ్‌కు బండి కట్టింది. జర్మన్ కవి గోథే కూడా వెళ్లాడు. కరాకల్లా స్నానశాలల ముందు నిలబడితే, పిరనేసి అల్లి చెప్పినంత అక్కడ లేదనిపించింది. సైటు చూసి ఉసూరుమన్న కొనుగోలుదారులకు గోథే పూర్వీకుడే. అంటే అబద్ధం చేత్తోనూ చెప్పొచ్చు.

మరి బ్రోషర్ గీసినవాడు పిరనేసికి వారసుడేనా? కాదు. పురాతన రోమ్‌కు నడిబొడ్డయిన ఫోరమ్ ఆ రోజుల్లో పశువులు మేసే బీడు. అక్కడి వెస్పాసియన్ గుడి స్తంభాలు మూడు, తలకట్లకు కాస్త దిగువదాకా మట్టిలో కూరుకుపోయి ఉండేవి. మట్టిని తీసేసి స్తంభాలను నిలువెత్తున చూపిస్తే బొమ్మ ఇంకా బాగా అమ్ముడయ్యేది. ఆయన ఆ పని చెయ్యలేదు. మట్టిని మట్టిగానే గీశాడు. 19వ శతాబ్దంలో తవ్వి తీశాక ఇప్పుడా స్తంభాలు పూర్తి ఎత్తున కనిపిస్తున్నాయి. ఒకప్పుడు ఎంత లోతు కూరుకుపోయాయో చూడాలంటే పిరనేసి బొమ్మ తియ్యాల్సిందే.

కాబట్టి తగువు పెన్సిలుకూ కంప్యూటరుకూ మధ్య కాదు. ఉన్నదాన్ని పెంచి చూపేవాణ్ణి క్షమించొచ్చు, ఉన్నదాన్ని తుడిచేసేవాణ్ణి క్షమించకూడదు. కాలవ ఉన్నచోట పచ్చిక గీసినవాడు ఆ వీధిలో రేపు మీరు బతకబోయే బతుకునే చెరిపేశాడు.

ఫ్లాటు కొనేవాళ్లకు ఒక్క మాట. భవనం ఎంత పెద్దగా చూపించినా సరే, చుట్టూ ఉన్నవన్నీ వేసిన బొమ్మ ఒకటి అడగండి. ఇవ్వనంటే అడ్వాన్సు ఇవ్వకండి.