అవబాకల్ వ్యాకరణము: ఒక క్రైస్తవ బోధకుని సాక్ష్యము

వ్యాకరణాధ్యయనమునకు బ్రయోజనములను జెప్పుచు మహాభాష్యకారుడు రక్షను మొదట బేర్కొనెను. ఆయన యుద్దేశించినది వేదరక్ష. వేదమును గాపాడుటకు దానిని వల్లించు జనము ముందే కలదు. అట్లుగాక, మాటలాడు జనమే నశించుచుండగా దాని భాషకు వ్యాకరణము వ్రాసినచో నది దేనిని రక్షించును? ఈ ప్రశ్నకు సమాధానము వెదకువారికి, ఆస్ట్రేలియా ఖండమున న్యూ సౌత్ వేల్సు నందు 1834లో సిడ్నీ నగరమున ముద్రితమైన యొక చిన్న వ్యాకరణము మిక్కిలి విచారణీయము. దానిని వెలువరించినవాడు లాన్సెలాట్ థ్రెల్కెల్డు (1788-1859) అను క్రైస్తవ బోధకుడు. బోధకులు ఆ ఖండపు టాదిమవాసులకు మేలు చేసిరా, కీడు చేసిరా యను వివాదము క్రైస్తవులలోనే నేటికిని సమసిపోలేదు. ఒక పక్షమువా రిట్టి గ్రంథములను దయాధర్మమునకు దార్కాణములుగా జూపుదురు. వేఱొక పక్షమువారు పరపాలనకు బరికరములని నిరసింతురు. ఈ రెండు పక్షములును గ్రంథమును దెఱవకయే తీర్పు చెప్పుచున్నట్లు నాకు దోచుచున్నది. కావున గ్రంథమునుండియే విచారము నారంభించెదను.

థ్రెల్కెల్డు లండన్ మిషనరీ సంఘమువారి పంపున మొదట పసిఫిక్ సముద్రమందలి రాయాటియా ద్వీపమున బనిచేసి, 1824లో సిడ్నీ చేరి, పిమ్మట సిడ్నీ కుత్తరముననున్న మక్వారీ సరస్సు తీరమున నివాస మేర్పఱచుకొనెను. ఈ సంఘమే 1805లో మన విశాఖపట్టణమునకు క్రాన్, డే గ్రాంజ్ అను నిరువురు బోధకులను బంపినది. వారి ప్రయత్నమున నేర్పడిన తెలుగు సువార్తలు 1812లో శ్రీరామపురమున నచ్చుపడినవి. అచ్చట ఆనందరాయడను బ్రాహ్మణుడు తోడ్పడినట్లు ఇచ్చట బిరబాన్ అను నాదిమవాసి తోడ్పడెను. కాని యిరువురి స్థితియు నొకటి కాదు. ఆనందరాయని వెనుక లిపియు, కావ్యములును, లక్షణగ్రంథములును గలవు. బిరబాను వెనుక నొక్క వ్రాతప్రతియు లేదు. అతని జ్ఞాపకమే నిఘంటువు, అతని నాలుకయే సూత్రపాఠము.

ఈ బిరబాన్ బాల్యమున సిడ్నీ సైనిక శిబిరమునందొక యధికారికి సేవకుడై యుండి యింగ్లీషు నేర్చినవాడు. 1830లో గవర్నరు డార్లింగు, మాతృభాష వ్రాతకెక్కుటకు జేసిన సహాయమునకు బహుమానముగా నతని కొక యిత్తడి పలక నొసగెను. 1839లో అమెరికా దేశపు టన్వేషణ నౌకలతో వచ్చిన పండితు లతని జూచి, అడిగిన ప్రతిపదమును అక్షరమక్షరముగ విడదీసి స్పష్టముగా బలుకుటను గమనించి, యితడు భాష బోధించుట కలవాటుపడినవాడని వ్రాసిరి. పదమును విడదీసి చెప్పగలవాడు వట్టి వక్త కాడు, ఉపాధ్యాయుడు. శిష్యుడు థ్రెల్కెల్డు.

ఇక గ్రంథగుణము. ల్యాటిను వ్యాకరణపు మూసలో బెరిగినవారు పరభాషలను జూచునపుడు తమ విభక్తుల పట్టికలో నిమడని రూపములను దరచుగా వదలివేయుదురు. థ్రెల్కెల్డు వదలలేదు. ఈ భాషలో గర్తకు రెండు రూపము లున్నవని యతడు కనిపెట్టెను. ఊరక పేరు చెప్పునపుడు ‘బిరబాన్’. అతడొకపనిని జేయువాడని చెప్పునపుడు ‘బిరబాన్‌తో’. రెండింటిని బ్రథమావిభక్తిగానే లెక్కించి, మొదటి ప్రథమ, రెండవ ప్రథమ యని పేరిడి ప్రక్కప్రక్కన నిలిపెను. పేరు సరిపడలేదు గాని పరిశీలనము సరియైనది. ఇట్టి కర్తృరూపమును ఆ ఖండపు భాషలలో మొట్టమొదట వివరించిన గౌరవము భాషాశాస్త్రజ్ఞు లతనికే యిచ్చుచున్నారు.

పాణినీయము చదివినవారికి నిందు విస్మయము లేదు. కర్తృత్వము వేఱు, ప్రథమావిభక్తి వేఱు. స్వతంత్రుడు కర్త, వానికి విభక్తి ప్రయోగమును బట్టి వచ్చును. కర్మణిప్రయోగమున గర్త తృతీయాంతమగుట మన బాలురు సైత మెఱుగుదురు. కాని యీ భాషలో గర్మణిప్రయోగము లేకయే కర్తకు బ్రత్యయము వచ్చుచున్నది. హిందీలో భూతకాలమున గర్తపై వచ్చు ‘నే’ ప్రత్యయ మిందుకు దగ్గఱ; ఇచ్చట గాలనియమము లేదు. కారకదృష్టి యున్నచో థ్రెల్కెల్డు రెండవ ప్రథమ యని తడుముకొన వలసియుండెడిది కాదు.

మఱియొక సూక్ష్మము. ‘బిరబాన్’ అనగా నొక జాతి డేగ యని యర్థము. అదియే మనుష్యుని పేరైనపుడు షష్ఠ్యర్థమున ‘బిరబానుంబ’ యనియు, పక్షిపేరైనపుడు ‘బిరబాన్‌కోబ’ యనియు రూపభేద మున్నదని గ్రంథకర్త చూపెను. సంజ్ఞను, జాతివాచకమును విభక్తియందే వేఱుపఱచు భాష యిది. ఊరిపేరునకు ‘కల్’ చేర్చిన నా యూరి పురుషుడు, ‘కలీన్’ చేర్చిన స్త్రీ. మన తద్ధితముల వంటివి. సరస్సునకు ‘అవబా’ యని పేరు గాన 1892లో ఈ గ్రంథములను బునర్ముద్రించిన జాన్ ఫ్రేజరు ‘అవబాకల్’ అను పేరు కల్పించెను. ఆ జనము తమభాష కీ పేరు పెట్టుకొనలేదు, నేడదియే రూఢమైనది.

ఈ విభక్తివిచారము కేవలము పండితవినోదము కాదు. నాడు వలసజనములో ననేకులు ఆదిమవాసులకు భాషయే లేదనియు, వారు కోతిజాతివా రనియు జెప్పుచుండిరి. థ్రెల్కెల్డు ఈ మాటలోని లోగుట్టును బయటపెట్టెను: వారు మృగములని స్థాపించినచో వారిని గాల్చినవారికిని, విషము పెట్టినవారికిని బాతకము లేకపోవును. షష్ఠిలో సంజ్ఞాజాతుల భేదము చూపు జనమును మృగములనుట యెట్లు? ఇచ్చట వ్యాకరణము హత్యావాదమునకు బ్రత్యుత్తరమైనది. నా యెఱిగినంతలో నొక విభక్తిపట్టిక కింత బరువైన పని పడుట యరుదు.

న్యాయస్థానమున గథ వేఱు. 1838 జూన్ నెలలో మయాల్ క్రీక్ అను చోట గనీసము 28 మంది యాదిమవాసులను వలసజనులు చంపిరి. తెల్లవారి సాక్ష్యము లభించుటచేత నేడుగురికి డిసెంబరులో నురిశిక్ష జరిగెను. ఆదిమవాసి సాక్ష్యము మాత్రము చెల్లలేదు. క్రైస్తవ ప్రమాణము చేయలేనివాని మాట నాటి ధర్మాసనము స్వీకరింపదు. థ్రెల్కెల్డునకు దోడుగా దుబాసిపని చేసిన బిరబానునకే ప్రమాణ మియ్యలేదు. ఇందొక విపరీతము గలదు. 1744లో ఓమీచందు వ్యాజ్యమున ఇంగ్లండు న్యాయాధిపతులు, హిందువు తన మతాచారమున జేసిన ప్రమాణము చెల్లునని తీర్పిచ్చిరి. హిందువునకు దేవుడున్నాడని యొప్పుకొనిన న్యాయమే యాదిమవాసికి దేవుడు లేడనెను. కనుక వారి భాషలో దైవమునకు బదమున్నదా లేదా యనునది ప్రాణములతో ముడిపడిన ప్రశ్న యైనది.

బోధకుని లోప మిచ్చటనే కానవచ్చును. ఆదిమవాసి సాక్ష్యమును స్వీకరింపవలెనని వాదించినవాడును, తన వార్షిక నివేదికలలో హత్యాకాండలను వెల్లడించినవాడును నతడే. అయినను ‘కోయిన్’ అను నతీతపురుషుని పేరును గ్రంథమున గల్పితవ్యక్తి యని వ్రాసి, లూకా సువార్తను బిరబాను సహాయమున ననువదించునపుడు దైవమునకు యెహోవా మొదలగు హీబ్రూ పదములనే తెచ్చెను. విభక్తిని వినిన చెవి విశ్వాసమును వినలేదు. కల్పితమను నొక్కమాటచే నతడు తాను నిలిపిన సాక్షినే తెలియక బలహీనపఱచెను. ఇది దురుద్దేశము కాదు; సత్యము తనయొద్దనే కలదని ముందే నిశ్చయించుకొనినవాని శ్రవణమునకు గలుగు పరిమితి.

ఫలమును జూతము. ఆశ్రమము 1841 చివర మూతపడెను. బోధ వినుటకు జనమే మిగులలేదు. బిరబాన్ 1846లో మరణించెను. సువార్తానువాదము 1892 వఱకు నచ్చుకాలేదు; ఎవరికొఱకు వ్రాయబడెనో వారు చదువలేదు. అటుపిమ్మట, 1909 నాటి రక్షణశాసనము పేరిట న్యూ సౌత్ వేల్సు ప్రభుత్వము ఆదిమవాసుల బిడ్డలను దల్లిదండ్రులనుండి వేఱుచేసినది. క్రైస్తవసంఘములు నడపిన నిలయములును ఆ పనిలో బాలుపంచుకొనెను. 1997లో వెలువడిన ప్రభుత్వ విచారణ నివేదిక యీ దుఃఖమును లోకమునకు దెలిపెను. 2008 ఫిబ్రవరి 13న ఆ దేశపు పార్లమెంటు క్షమాపణ చెప్పినది. రక్ష యను మాటయే యిట్లు భక్షణమునకు బేరైనది.

మరి వ్యాకరణమో? నేడు న్యూకాసిల్ ప్రాంతమున బిరబాను జాతివారి సంతతి యీ పుస్తకములనుండియే తమ పూర్వుల మాటలను మరల నేర్చుకొనుచున్నారు. బోధింపవచ్చినవాని బోధ పోయినది. అతడు నేర్చుకొనినది నిలిచినది. ప్రయోజనము వేఱు, ఫలము వేఱు. కావున నీ గ్రంథమును దయాధర్మమునకు మచ్చుగా గొనియాడుటయు, పరపాలనకు బరికరమని త్రోసివేయుటయు రెండును దగవు. శిష్టుని చెంత శిష్యుడై కూర్చున్నంతవఱకు బోధకుడు రక్షకుడు. ఆ యాసనమునుండి లేచిన క్షణమున గాడు.

మన శాస్త్రమున శిష్టప్రయోగమే ప్రమాణము. 1834 నాటి ముఖపత్రముపై థ్రెల్కెల్డు పేరొక్కటియే యున్నది. ప్రమాణపురుషుని పేరు లేదు. థ్రెల్కెల్డు 1850లో నతని సహాయమును గృతజ్ఞతతో స్మరించెను, 1892 ముద్రణమున నతని చిత్రమును జేర్చిరి. అది చాలదు. ఇకముందు దీనిని ముద్రించువారును, ఉదాహరించువారును ‘బిరబాన్-థ్రెల్కెల్డు వ్యాకరణము’ అని వ్యవహరింపవలెనని నా మతము. ధర్మాసన మంగీకరింపని సాక్షికి గ్రంథముఖమునందైన నాసన మొసగుట వైయాకరణుల కర్తవ్యము.