బడి కథలో తీసేసిన పేజీ

బ్రాడీపేటలో ఏ లైనులోకి తిరిగినా కోచింగ్ సెంటర్ల బోర్డులూ హాస్టళ్ళే. మా పిల్లలూ అక్కడ గదులు అద్దెకు తీసుకుని చదువుతున్నారు. చదువంటే మాకు ఎంత ఆకలో వేరే చెప్పక్కర్లేదు. మా అభ్యంతరం చదువు మీద కాదు, మా చదువు గురించి ఇతరులు రాసే కథ మీద.

స్టువర్టుపురం మీద వచ్చే రాతల్లో ఆ కథ దాదాపు ఒకటే. ఎరుకలవాళ్ళు దొంగలు, దొరలొచ్చి బడి పెట్టారు, మనుషుల్ని చేశారు. సినిమావాళ్ళు మొదటి మాట దగ్గరే ఆగిపోతారు. 1991లోనూ అంతే, 2023లో వచ్చిన ‘టైగర్ నాగేశ్వరరావు’లోనూ అంతే.

ఈ కథలో ఒక పేజీ ఉండదు. మా పెద్దలు గాడిదల మీదా ఎద్దుల మీదా ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగి అమ్మినవాళ్ళు. రైలు వచ్చింది, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది, ఆ బేరం పోయింది. తిరిగేవాడల్లా అనుమానితుడయ్యాడు. 1911 నాటి నేరస్థ తెగల చట్టం మొత్తం తెగకే ముద్ర వేసింది. ఆరేళ్ళు దాటిన పిల్లల్ని పద్దెనిమిదేళ్ళ లోపు తల్లిదండ్రుల నుంచి విడదీసి సంస్కరణ బడిలో పెట్టే అధికారం ఆ చట్టంలోనే ఉంది. ఆ తర్వాతే సాల్వేషన్ ఆర్మీ చేతికి సెటిల్మెంటు వచ్చింది. ఊరికి మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్టు పేరు పెట్టారు. పెద్దలకు హాజరు, పాసు, పిల్లలకు బడి. చీరాల పొగాకు ఫ్యాక్టరీకి ఇక్కడినుంచే కూలీలు వెళ్ళారు. బడిని మెచ్చుకునేవాళ్ళు ఈ హాజరు పట్టీని కూడా చదవాలి.

ఇది తెల్లదొరలకే పుట్టిన బుద్ధి కాదు. 1730లలో చైనా సరిహద్దు రాష్ట్రం యునాన్‌లో చెన్ హోంగ్‌మౌ అనే అధికారి ఆరు వందలకు పైగా ఉచిత బడులు నడిపించాడు. కొండ తెగల పిల్లలకు కన్ఫ్యూషియస్ గ్రంథాలు చెప్పించాడు. వాళ్ళకూ చదువు అబ్బుతుందని నమ్మాడు, అది మంచి మాటే. కానీ వాళ్ళ దగ్గరా నేర్చుకోవలసింది ఉంటుందన్న ఆలోచన ఆ బడికి లేదు. నాగరికత ఒకవైపు నుంచే వస్తుందన్నది అక్కడా ఇక్కడా ఒకటే.

ఇంకో దారి లేకపోలేదు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు ముందు సవర భాష నేర్చుకున్నారు. ఆ తర్వాతే సవర పిల్లలకు వాళ్ళ మాటలోనే పుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు. 1936లో సవరల్లోంచే మంగై గొమాంగో తమ భాషకు లిపి తయారు చేశారు. స్టువర్టుపురం బడిని పొగిడే రాతల్లో ఎరుకల భాష ఊసైనా ఉండదు. ఇంట్లో అమ్మతో మాట్లాడే మాట బడి గడప దాటాక ఏమైందని ఎవరూ అడగరు.

చట్టం 1952లో రద్దయింది. ముద్ర మాత్రం ఊరి పేరుకే అంటుకుపోయింది. గది అడగబోయి సొంతూరు చెప్పడానికి వెనకాడే మా పిల్లలకు ఈ సంగతి తెలుసు. ఇకముందు మా బడి గురించి రాసేవాళ్ళు దొంగతనంతో మొదలుపెట్టవద్దు. 1911 నుంచి మొదలుపెట్టండి, ఉప్పు బస్తా నుంచి మొదలుపెడితే ఇంకా మంచిది.