మోటారు దీపం – పాఠంలోనూ, బాటమీదా

కిందటి సంవత్సరం ఇంటర్మీడియట్ విద్యార్థులకు పుటాకార దర్పణాల పాఠం చెబుతున్నాను. దర్పణం ఉపయోగాలలో మోటారు బండ్ల హెడ్‌లైటు ఒకటని, బల్బును నాభి దగ్గర ఉంచితే కిరణాలు సమాంతరంగా వెలువడి చాలా దూరం పోతాయని నల్లబల్లమీద పటం గీసి చూపాను. వెనుక బెంచీమీది కుర్రవాడొకడు లేచి, “మా నాన్న లారీ డ్రైవరండి. ఎదురు బండి వస్తే డిమ్ కొడతాడు. బల్బు నాభి దగ్గరే ఉంటే ఆ వెలుగు కిందికి ఎట్లా వంగుతుందండి?” అని అడిగాడు. బల్బులో రెండో ఫిలమెంటు ఉంటుందని చెప్పాను. “అది ఎక్కడ ఉంటుందండి?” అన్నాడు. నాకు తెలియదు. మరునాడు చెబుతానని ఒప్పుకోవలసి వచ్చింది. ఆ జవాబు కోసం వెదకినప్పుడు తెలిసిన సంగతులే ఈ వ్యాసం.

ఈనాడు ఖరీదైన కార్లలో అడాప్టివ్ హెడ్‌లైట్లు వస్తున్నవి. అనగా ఎదుటి పరిస్థితిని బట్టి తమ కాంతిపుంజం ఆకారాన్ని తామే మార్చుకొనే దీపాలు. వాటి ప్రకటనలు చెప్పేదంతా వెలుగును గురించే: ఇన్ని వందల మీటర్లు, ఇన్ని వేల బిందువులు. మన పాఠమూ వెలుగును గురించే చెబుతున్నది. రెండింటిలోనూ లోపం ఒక్కటే. వెలుగు వేయడం హెడ్‌లైటు పనిలో సగం. వెలుగు పడకూడని చోట చీకటిని నిలపడం రెండవ సగం, కష్టమైన సగం. ఈ రెండవ పనిని ఎంత బాగా చేస్తున్నదన్నదే ఏ దీపానికైనా సరియైన పరీక్ష అని నా అభిప్రాయం.

కంటికి కట్టే తెర

ఎదురు వెలుగు కంట్లో పడినప్పుడు ఏమి జరుగుతున్నదో ముందు చూద్దాం. కంటిలోని కార్నియా, కటకం మొదలైనవి పూర్తిగా స్వచ్ఛమైనవి కావు. వాటిలో ప్రవేశించిన కాంతిలో కొంత చెదరి రెటీనా అంతటా పరచుకొంటుంది. చూడవలసిన దృశ్యంమీద పలుచని తెల్లని తెర కప్పినట్లవుతుంది. ఈ తెరను లెక్కగట్టే సూత్రం 1920ల దశాబ్దంలో హాలడే, స్టైల్స్ అనే శాస్త్రజ్ఞులు చేసిన పరిశోధనల ఫలితం. కంటివద్ద పడే వెలుగును లక్సులలో తీసుకొని పదితో గుణించాలి. చూపుకూ దీపానికీ మధ్య ఉన్న కోణాన్ని డిగ్రీలలో తీసుకొని, దాని వర్గంతో భాగించాలి. తెర ప్రకాశం చదరపు మీటరుకు ఇన్ని కాండెలాలని వస్తుంది.

ఉదాహరణకు, 50 మీటర్ల దూరంలో, మన చూపుకు 3.5 మీటర్లు పక్కగా ఒక బండి వస్తున్నదనుకొందాం. కోణం సుమారు 4 డిగ్రీలు. దాని దీపం మన కంటివైపు 10,000 కాండెలాల తీవ్రతతో వెలుగుతుంటే, విలోమవర్గ నియమం ప్రకారం 10,000ను 2,500తో భాగించగా కంటివద్ద 4 లక్సులు. అప్పుడు తెర ప్రకాశం 40ని 16తో భాగించగా 2.5. మన దీపాల వెలుగులో కనిపించే తారురోడ్డు ప్రకాశం మామూలుగా ఒకటికి లోపే. తెర దృశ్యంకంటె ప్రకాశవంతమైనప్పుడు, ముదురు బట్టలు కట్టుకొన్న బాటసారి కనిపించకపోవడంలో వింత లేదు. అదే బండి డిమ్‌లో ఉండి మనవైపు 250 కాండెలాలే పంపితే తెర నలభైవ వంతుకు దిగిపోతుంది.

మరి అందరూ డిమ్‌లోనే పోవచ్చును గదా అనవచ్చును. అదీ లెక్క వేసి చూద్దాం. డిమ్ వెలుగు పై అంచు సాధారణంగా ప్రతి 10 మీటర్లకు 10 సెంటీమీటర్లు దిగేటట్లు అమర్చుతారు. దీపం 65 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే ఆ అంచు 65 మీటర్ల వద్ద నేలను తాకుతుంది. గంటకు 80 కిలోమీటర్లు, అనగా సెకనుకు సుమారు 22 మీటర్ల వేగంతో పోయే డ్రైవరు అడ్డును చూచి బ్రేకు తొక్కడానికి ఒకటిన్నర సెకను పడితే 33 మీటర్లు గడచిపోతాయి. ఆపైన ప్రతి సెకనుకూ వేగం 5 మీటర్ల చొప్పున తగ్గుతూ బండి ఆగడానికి మరి 49 మీటర్లు. మొత్తం సుమారు 82. కనిపించేది 65, కావలసింది 82. మన దేశంలో డిమ్ వెలుగు ఎడమపక్కన కొంచెం పైకి లేచి ఉంటుంది. ఐనా రోడ్డు నడుమనూ కుడిపక్కనూ ఈ లోటు ఉండనే ఉన్నది. ఈ లోటే డ్రైవరు చేత బ్రైట్ వేయిస్తున్నది. ఆ బ్రైటే ఎదుటివాని కళ్లకు తెర కడుతున్నది. అడాప్టివ్ దీపం పుట్టుకకు ఈ చిక్కే కారణం.

నల్లరంగు చేసిన పొరపాటు

ఇక కుర్రవాని ప్రశ్నకు జవాబు. 1971లో వచ్చి నేటికీ ఎన్నో బండ్లలో కనిపించే హెచ్–4 బల్బులో బ్రైట్ ఫిలమెంటు నాభివద్ద ఉంటుంది. డిమ్ ఫిలమెంటు నాభికి కొంచెం ముందు, అద్దం వైపుగా ఉంటుంది. దాని కింద చిన్న లోహపు దొప్ప ఉన్నది. ఈ దొప్ప అడుగువైపు కాంతిని ఆపివేయడం వలన పరావర్తకం పైసగం మీదనే కాంతి పడుతుంది. నాభికి ముందున్న ఫిలమెంటునుండి పైసగంమీద పడిన కిరణాలు పరావర్తనం చెంది అక్షంవైపుకు, అనగా కిందికి, వంగుతాయి. అడుగు సగంమీద పడినట్లయితే అవి పైకి లేచి ఎదుటివాని కళ్లలోకి పోయి ఉండేవి. వాటిని దొప్ప ముందే ఆపింది. డిమ్ వెలుగుకు స్పష్టమైన పై అంచు వచ్చేది కూడ ఈ దొప్ప అంచువలననే.

ఇది తెలిసిన తరువాత మన ప్రాంతంలో చాలాకాలం సాగిన ఒక ఆచారం గుర్తుకు వచ్చింది. లారీలకూ బస్సులకూ హెడ్‌లైటు అద్దం పైభాగాన నల్లరంగు పూసేవారు. పైభాగం మూస్తే పైకి పోయే వెలుగు ఆగుతుందని ఊహ. కాని బ్రైట్‌లో కిరణాలు అద్దమంతటినుండీ ఒకే దిక్కుకు వస్తున్నవి. సగం మూస్తే తీవ్రత సగమవుతుంది గాని పుంజం దిక్కు మారదు. కుంభాకార కటకాన్ని సగం మూసినా ప్రతిబింబం పూర్తిగానే వస్తుందని, వెలుగు మాత్రమే తగ్గుతుందని పదవ తరగతి పిల్లలకు తెలుసు. ఇదీ అటువంటిదే. డిమ్‌లోనైతే ఇంకా అన్యాయం. పనికివచ్చే కాంతి అంతా పరావర్తకం పైసగంనుండి, అద్దం పైసగం గుండానే వస్తున్నది. నల్లరంగు మూసింది దానినే. ఎదుటివానికి చేసిన మేలు తక్కువ, డ్రైవరుకు చేసిన కీడు ఎక్కువ.

ఈనాటి పొరపాటు ఇంకొకటి ఉన్నది. ఫిలమెంటుకోసం లెక్కగట్టి చేసిన పరావర్తకంలో అంగడిలో దొరికిన ఎల్‌.ఇ.డి. బల్బును బిగించడం. కాంతి జనకం పరిమాణమో స్థానమో మారితే ఆ చక్కని అంచు చెదరిపోతుంది. తెల్లగా వెలుగుతున్నదని యజమానికి సంతోషం. తెర పడేది ఎదుటివాని కంట.

దివిటీనుండి లాంతరుకు

పాత దీపం ఒక దివిటీ. వెలుగును ఒకవైపుకు పోగుచేస్తుంది. కొత్త దీపం మేజిక్ లాంతరు వంటిది, చిత్రాన్ని ప్రదర్శిస్తుంది. ఈ మార్పు ప్రొజెక్టరు దీపంతో స్పష్టమైంది. దీనిలో దీర్ఘవృత్తాకారపు పరావర్తకం తన మొదటి నాభివద్ద ఉన్న కాంతిని రెండవ నాభివద్దకు చేరుస్తుంది. అక్కడ ఒక చిన్న రేకు ఉంటుంది. ముందున్న కుంభాకార కటకం ఆ రేకు అంచును రోడ్డుమీదికి ప్రతిబింబంగా పంపుతుంది. నిజప్రతిబింబం తలకిందులు గనుక, రేకు అడుగున ఉంటే చీకటి పైన పడుతుంది.

దీపాన్ని పక్కలకు తిప్పడం మరొక దారి. 1967లో ఫ్రాన్సు దేశపు సిట్రొయెన్ డి.ఎస్. కారుకు అమర్చిన దీపాలలో లోపలి రెండు స్టీరింగుతోపాటు తిరిగేవి. కారు మలుపులోకి పోకముందే వెలుగు మలుపులోకి పోయేది. మంచి ఉపాయమే. కాని తిరిగే దీపం పుంజాన్ని జరపగలదు గాని, పుంజం మధ్యలో చీకటి రంధ్రం చేయలేదు.

ఆ పని ఎల్‌.ఇ.డి.ల వరుసతో సాధ్యమైంది. 2013లో జర్మనీకి చెందిన ఆడీ ఎ–8 కారులో ఒక్కొక్క హెడ్‌లైటు బ్రైట్ వెలుగును 25 ఎల్‌.ఇ.డి.లుగా విభజించారు. ఒక్కొక్క దాని వెలుగును పరావర్తకమో కటకమో తనకు కేటాయించిన దిక్కుకు పంపుతుంది. ముందు అద్దం వెనుక ఉన్న కెమెరా ఎదురు బండి దీపాలను గుర్తిస్తే, గణనయంత్రం ఆ దిక్కు ఎల్‌.ఇ.డి.ని ఆర్పుతుంది లేదా మందగింపజేస్తుంది. ఒక డిగ్రీ వెడల్పు చీకటి పట్టీ 100 మీటర్ల దూరంలో 1.75 మీటర్లకు సమానం. ఇంచుమించు ఒక కారు వెడల్పు. కారు చీకటిలో, దాని ఇరుపక్కలా రోడ్డు వెలుగులో.

తరువాత అంకెల పోటీ సాగింది. 2018లో మెర్సిడెస్–మైబాక్ దీపంలో పది లక్షలకు పైగా సూక్ష్మ దర్పణాలు వచ్చాయి. 2022లో పోర్షె ప్రకటించిన దీపం ఒక్కొక్క దానిలో 32 వేలకు పైగా వెలుగు బిందువులు. అమెరికాలో ఇటువంటి దీపాలకు అనుమతినిస్తూ నిబంధన సవరించినది కూడ 2022 ఫిబ్రవరిలోనే. అంతవరకు అక్కడ బ్రైట్, డిమ్ అనే రెండు స్థిర పుంజాలే చట్టానికి తెలుసు.

గుణదోషాలు

బిందువులు పెరిగినకొద్దీ చీకటి అంచు సన్నబడుతుందనడం నిజమే. కాని ఆ చీకటిని ఎక్కడ వేయాలో చెప్పేది కెమెరా. అది ప్రధానంగా గుర్తించేది దీపాలను. దీపంలేని ఎడ్లబండి తోలేవానికి, సైకిలు మనిషికి, కాలినడకను పోయేవానికి అది చీకటిని దానం చేయకపోవచ్చును. డివైడరు మీది పొదల వెనుక లారీ దీపాలు కెమెరాకు కనబడవు. పొదలకు పైన ఎత్తుగా కూర్చున్న డ్రైవరు కళ్లు మాత్రం మన వెలుగుకు అందుతాయి. మన రోడ్లమీద ఇవి అరుదైన సందర్భాలు కావు.

రెండవది కాలం. రెండు బండ్లు ఎదురెదురుగా 80 చొప్పున వస్తే సెకనులో పదవ వంతుకు 4.4 మీటర్లు దగ్గరవుతాయి. 50 మీటర్ల దూరంలో ఆ వ్యవధిలో కోణం మారేది 0.4 డిగ్రీ మాత్రమే. 20 మీటర్ల దూరంలో 2.7 డిగ్రీలు. దగ్గరకు వచ్చినకొద్దీ చీకటి పట్టీ ముందుగానే వెడల్పు కావాలి. లేకుంటే ఎదుటివాడు దానినుండి బయటపడతాడు.

మూడవది అన్నిటికంటె చిన్నది, అన్నిటికంటె నిర్లక్ష్యానికి గురైనది. కారు వెనుక సీటులో ముగ్గురు కూర్చుని, డిక్కీలో బియ్యం బస్తా వేస్తే వెనుకభాగం 5 సెంటీమీటర్లు కుంగిందనుకొందాం. చక్రాల మధ్య దూరం 2.5 మీటర్లైతే బండి నూటికి రెండువంతులు వాలింది. 10 మీటర్లకు 10 సెంటీమీటర్లు దిగవలసిన డిమ్ వెలుగు ఇప్పుడు 10 సెంటీమీటర్లు పైకి లేస్తున్నది! దీనిని సవరించడానికి చాలా కార్లలో స్టీరింగు దగ్గర అంకెలు వేసిన చిన్న చక్రం ఉంటుంది. 32 వేల బిందువుల దీపం కొనలేనివానికి కూడ అది అందుబాటులో ఉన్నది. దాని పని తెలిసినవారు ఎందరు? వెలుగు అంచును బరువుకు తగినట్లు సర్దడమే అడాప్టివ్ దీపానికి మొదటి మెట్టు. ఆ మెట్టు ఎక్కకుండా పై మెట్లను పొగడడం తగదు.

అందుచేత నా తీర్పు ఇది: అడాప్టివ్ దీపం నిజమైన ముందడుగు. చూపుకూ తెరకూ మధ్య డ్రైవరు చేయవలసివచ్చిన బేరాన్ని అది చాలావరకు తప్పించింది. కాని దాని విలువను బిందువుల లెక్కతో కట్టరాదు. ఎవరిని గుర్తించి చీకటినిస్తున్నది, ఎంత త్వరగా ఇస్తున్నది, బండి వాలినా ఇస్తున్నదా అన్న మూడు ప్రశ్నలు అడగాలి.

తరగతి గదిలో

ఉపాధ్యాయులకు ఒక సూచన. పుటాకార దర్పణం ముందు చిన్న టార్చి బల్బు ఉంచి, గోడమీద వెలుగును చూపండి. బల్బును నాభినుండి కొంచెం ముందుకు జరిపి, దాని కింద రేకు ముక్క పట్టండి. వెలుగు కిందికి దిగుతుంది. తరువాత ఒక అట్టముక్కలో నిలువు చీలికలు కోసి, వెనుక దీపం, ముందు కుంభాకార కటకం ఉంచండి. గోడమీద వెలుగు పట్టీలు వస్తాయి. ఒక చీలికను వేలితో మూస్తే ఒక పట్టీ ఆరుతుంది. ఎడమది మూస్తే కుడిది. అడాప్టివ్ దీపం సూత్రం అంతే.

పాఠ్యపుస్తక రచయితలు కూడ హెడ్‌లైటు దగ్గర ఒక్క వాక్యం చేర్చితే మేలు: “ఫిలమెంటును నాభినుండి జరిపి, కాంతిలో కొంత భాగాన్ని ఆపి, ఎదుటివారి కళ్లలో పడకుండా వెలుగును కిందికి దించుతారు.” దీనికి పటం ఒకటి చాలును.

మరునాడు తరగతిలో ఇదంతా చెప్పాను. కుర్రవాడు శ్రద్ధగా విని, “మా నాన్న లారీకి అద్దంమీద పైన రంగు ఉన్నదండి. తుడిచెయ్యమని చెబుతాను” అన్నాడు. తుడిచిన తరువాత దీపాల వాలు మెకానిక్కు చేత సరిచేయించమని, ఎదురు బండి వచ్చినప్పుడు డిమ్ కొట్టడం మాత్రం మానవద్దని చెప్పి పంపాను.